ద్రాక్షపండ్ల మీది బూడిద: ఫ్రేమ్ అంచు కింద దొరికిన సాక్ష్యం

దూది చుట్టిన పుల్లను ద్రావకంలో ముంచి, పాత బొమ్మలో వేసిన గుత్తిలోని మూడో ద్రాక్షపండు మీద రెండుసార్లు దొర్లించాను. పైకి తీసి చూస్తే దూది బూడిదరంగులో ఉంది. అప్పటిదాకా ఆ బొమ్మ మీద వేరే చోట్ల వాడిన దూదంతా తేనెరంగుకు తిరిగింది, అంటే పాత వార్నిష్ ఒక్కటే ఊడి వస్తోంది. మరి ఈ బూడిదరంగు ఎక్కడిది? వందేళ్ల పొయ్యి మసి అయితే ఇంకా తుడవాలి. చిత్రకారుడు వేసిన రంగే అయితే అప్పటికే కొంత పోగొట్టాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. పుల్ల పక్కన పెట్టి ఆ రోజుకి పని ఆపేశాను.

మాది గుంటూరు. స్పెయిన్‌లోని వలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీలో చిత్రాల కన్సర్వేషన్, అంటే పాత బొమ్మలను బాగుచేసి కాపాడే పని, చదువుకుని, అదే ఊళ్లో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. ఈ కేసును యజమాని అనుమతితోనే రాస్తున్నాను. కుటుంబం వివరాలు, చిత్రకారుడి పేరు బయటికి రాకూడదని వాళ్లు కోరారు కాబట్టి ఆ రెండూ ఇక్కడ ఉండవు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను.

బొమ్మ 46 × 55 సెం.మీ. కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్. రంగుల షాపుల్లో 10 నంబరు సైజుగా అమ్మే తయారీ కాన్వాసే. కింద కుడిమూల సంతకం, 1908 అనే సంవత్సరం ఉన్నాయి. ఒక బల్ల, దాని మీద మడతలు పడిన తెల్లగుడ్డ, చాక్లెట్ కాచుకునే పొడుగుపిడి రాగి పాత్ర, కోసిన అర నిమ్మకాయ, మట్టికూజా, ఎడమపక్క బల్ల అంచు దాటి వేలాడుతున్న నల్లద్రాక్ష గుత్తి. గుత్తిలో అన్నిటికన్నా ఎడమన ఉన్న పండు సగం ఫ్రేమ్ కిందికి వెళ్లిపోయింది. ఆ సగం పండు సంగతి తర్వాత వస్తుంది.

ఇలాంటి బొమ్మను స్పెయిన్‌లో బొదెగోన్ అంటారు. నేలమాళిగలో వంట చేసి అమ్మే చవక భోజనశాలకు ఉన్న పేరు అది. 17వ శతాబ్దంలో తిండి వస్తువులు, వంటింటి సామాను ఉన్న బొమ్మలకు ఆ పేరు పడి అలాగే నిలిచిపోయింది. మనం స్టిల్ లైఫ్ అనేదాన్ని ఇక్కడివాళ్లు పూటకూళ్లింటి పేరుతో పిలవడం నాకు మొదటినుంచీ ఇష్టం. అలికాంతె ప్రాంతంలో, లోపలి ద్రాక్షతోటల ఊళ్లో, ఈ బొమ్మ పుట్టిన దగ్గరనుంచీ ఒకే ఇంటి భోజనాల గదిలో ఉంది. వేలాడదీసింది నిప్పుగూడుకు సరిగ్గా పైన.

యజమాని తెచ్చినప్పుడు రెండు మాటలు చెప్పాడు. "అమ్మకు చూపు తగ్గుతోంది, అందులో రంగులు ఆమెకు మళ్లీ కనపడాలి." రెండోది, "ఫ్రేమ్ పారేయండి. సన్నటి నల్ల ఫ్రేమ్ ఒకటి పెట్టండి చాలు."

ఫ్రేమ్ చూస్తే ఎవరైనా ఆ మాటే అంటారు. పైన్ చెక్క, అంచు పొడుగునా ఆకుల తీగ. దాని మీద ఎవరో బంగారురంగు పెయింట్ పూశారు. ఇక్కడ దాన్ని పుర్పురీనా అంటారు. అది రాగి, జింక్ కలిసిన పొడి. కొత్తలో ధగధగలాడుతుంది, కొన్నేళ్లకు ఆకుపచ్చగా, ఆ తర్వాత గోధుమరంగుగా మారుతుంది. ఈ ఫ్రేమ్ అప్పటికి తడిసిన బెల్లం రంగులో ఉంది. కింది రెండు మూలల అతుకులు విచ్చుకున్నాయి. మూడు చోట్ల ఆకులు రాలిపోయాయి. బొమ్మ, ఫ్రేమ్ రెండూ చూశాకే ఏదైనా చెబుతానని అన్నాను, అతను సరేనన్నాడు.

ముందు ఫ్రేమ్‌లో ఉండగానే పరీక్షించాను. పక్కనుంచి లైటు వేస్తే కింది అంచు దగ్గర ఆరు సెంటీమీటర్ల పొడవున కాన్వాసు ఉబ్బి కనిపించింది, ఆ ఉబ్బు మీద రంగు పెచ్చులుగా లేచింది. యూవీ లైటు కింద వార్నిష్ ఆకుపచ్చగా మెరిసింది, అంటే అది చెట్టుబంక వార్నిష్. ఆ మెరుపు బ్రష్ గీతలు గీతలుగా ఉండి, ఫ్రేమ్ దాకా వచ్చి ఆగిపోయింది. గుడ్డ మడత దగ్గర రెండు మచ్చలు నల్లగా కనిపించాయి, అవి తర్వాత ఎవరో వేసిన అతుకులు. యూనివర్సిటీలోని స్నేహితురాలు రంగులో ఏ లోహాలున్నాయో ఎక్స్‌రేలతో చెప్పే పోర్టబుల్ ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం తెచ్చి చూస్తే ఆ రెండు మచ్చల్లోనూ టైటానియం దొరికింది. టైటానియం తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది 1920ల నుంచే కాబట్టి అవి 1908 నాటివి కావు. మిగతా తెలుపంతా సీసం, జింక్.

తర్వాత ఫ్రేమ్ నుంచి విడదీశాం. మెత్తటి గుడ్డ పరిచి బోర్లా పడుకోబెట్టి, వెనకున్న బూడిదరంగు అట్ట తీశాను. బొమ్మను ఫ్రేమ్‌లో నిలపడానికి కాన్వాసు బిగించిన లోపలి చెక్కచట్రంలోంచి ఏటవాలుగా ఎనిమిది మేకులు కొట్టారు. అన్నీ తుప్పుపట్టాయి. పట్టకారుకీ చెక్కకీ మధ్య పలుచటి రేకు పెట్టి ఒక్కొక్కటే తిప్పుతూ లాగడానికి పూటంతా పట్టింది. ఉబ్బుకు కారణం అప్పుడు తెలిసింది. కాన్వాసు బిగువు పెంచడానికి చట్రం మూలల్లో చెక్క చీలికలు దోపుతారు. వాటిలో ఒకటి జారి, కాన్వాసుకూ కింది చెక్కకూ మధ్య ఇరుక్కుంది. గోడ సున్నం పెళ్లలు, ఒక ఎండు కందిరీగ కూడా దానితోపాటే ఉన్నాయి. ఇంత చిన్న చీలిక ఇన్నేళ్లు లోపలినుంచి నెడుతూ ఉంటే పైన రంగు పగలక ఏం చేస్తుంది? మీ ఇంట్లో పాత ఆయిల్ పెయింటింగ్ ఉండి, కింది అంచు దగ్గర ఉబ్బు కనిపిస్తే ముందు వెనక్కి తిప్పి ఇది చూడండి. బయటికి తీయడం మాత్రం తెలిసినవాళ్లకు వదలండి, ఎందుకంటే లేచిన పెచ్చులు ఆ కుదుపుకే రాలిపోతాయి.

మేము ముందు పెచ్చుల మీద జపాన్ కాగితం పరిచి, స్టర్జన్ చేప జిగురు మూడు శాతం కలిపిన గోరువెచ్చని నీటిని సన్నటి బ్రష్‌తో లోపలికి పంపి అతికించాం. ఆ తర్వాతే చీలిక తీశాం. తేమ ఆవిరి ఒక్కటే దాటే పొర, దాని మీద తడి అద్దుడు కాగితం, చిన్న బరువులు పెట్టి నాలుగు రోజులకు ఉబ్బు దింపాం.

విడదీసినప్పుడు నేను రెండు ఫోటోలు తీసి ఫైల్లో పెట్టాను. ఒకటి చెక్కచట్రం అంచులది. ఇంకొకటి బొమ్మ చుట్టూ, ఫ్రేమ్ పెదవి (బొమ్మ మీదికి వచ్చే లోపలి అంచు) కప్పి ఉంచిన ఏడు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీది. అలవాటు ప్రకారం తీశాను, రిపోర్టులో "అంచులు, స్థితి" అని శీర్షిక రాశాను. చూడాల్సినంత శ్రద్ధగా చూడలేదు. ఈ కేసులో నా అసలు తప్పు అదే, పుల్లతో చేసిన తప్పు దాని వెనక వచ్చింది.

ఇక శుభ్రం చేయడం. పైపై దుమ్ము, ఈగమచ్చలు పోయాక వార్నిష్ పరీక్షలు మొదలుపెట్టాను. లిగ్రోయిన్ అనే తేలికపాటి పెట్రోలియం ద్రావకంలో ఇథనాల్ పది శాతం కలిపి మొదలుపెట్టి, పది పది పెంచుకుంటూ పోతాం. తెల్లగుడ్డ మీద పది, ఇరవై ఏమీ చేయలేదు. ముప్ఫైకి వార్నిష్ మెత్తబడింది. నలభైకి శుభ్రంగా వచ్చింది, కింద రంగు కదలలేదు. రాగి పాత్ర మీద, నిమ్మకాయ మీద, కూజా మీద, నేపథ్యం మీద కూడా అంతే. అయిదు చోట్ల బాగుంటే ఆరో చోటా బాగుంటుందని చెయ్యి అనుకుంటుంది. నలభై శాతంతోనే ద్రాక్ష మీదికి వెళ్లాను. మొదటి రెండు పండ్లు నీడలో ఉన్నవి, వాటి మీద ఏమీ కాలేదు. మూడోది వెలుగులో ఉన్న పండు.

పని ఆపాక ఆ మచ్చను మైక్రోస్కోప్ కింద చూశాను. సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు వెడల్పు. అక్కడ పండు ముదురు వంగపండు రంగులో, తళతళలాడుతూ, ఇప్పుడే కడిగినట్టుంది. చుట్టూ మిగతా పండ్ల మీద నీలిబూడిద తెర. నిజం చెప్పాలంటే శుభ్రమైన ముక్కే అందంగా కనిపించింది. అందుకే భయం వేసింది. మా వృత్తిలో చాలా బొమ్మలు పాడైంది ఇలా "శుభ్రమైనది బాగుంది కదా" అనుకున్న చేతుల్లోనే.

బూడిద గుమ్మడికాయ ఎరిగిన మనకు ఈ ప్రశ్న కొత్తగా ఉండదు. పాదు మీద ఉన్న కాయను వేలితో రాస్తే గీత పడుతుంది, ఆ తెల్లటి పొడి దుమ్ము కాదు, కాయదే. ద్రాక్ష మీదా అలాంటి మైనపు పూతే ఉంటుంది. దాన్ని స్పానిష్‌లో ప్రుయీనా అంటారు. అలా అని ప్రతి పాత బొమ్మలోనూ ద్రాక్ష మీది బూడిదంతా చిత్రకారుడిదే అనుకుంటే మసిని కూడా పూజించినట్టవుతుంది. నిప్పుగూటి మీద వేలాడిన బొమ్మ ఇది. ఊహతో తేల్చే విషయం కాదు.

ఆ వారం మాడ్రిడ్ వెళ్లాను. వలెన్సియా నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. ప్రాదో మ్యూజియంలో నేను చూడాలనుకున్నది హువాన్ ఫెర్నాందెస్ ద్రాక్షలు. ఎల్ లబ్రదోర్, అంటే రైతు, అని పిలిచేవాళ్లు అతన్ని. 1630ల్లో ద్రాక్ష గుత్తులు వేసే పనితనానికి పేరుపడ్డాడు. మాడ్రిడ్‌లో ఉన్న ఇంగ్లిష్ దౌత్యవేత్తలు అతని బొమ్మలు కొని లండన్ పంపించారు, మొదటి చార్లెస్ రాజు దగ్గరికి కూడా చేరాయి. ప్రాదోలో ఉన్నవి చిన్నచిన్న బొమ్మలు. కారునలుపు నేపథ్యం, దారానికి కట్టి వేలాడదీసిన గుత్తులు, అంతే. దగ్గరికి వెళ్తే ప్రతి పండు మీదా పొగలాంటి పలుచటి తెర. అది ఒక పండు మీద మందంగా, ఇంకొకదాని మీద చెరిగి, ఒకచోట వేలు తగిలినట్టు ఉంటుంది. కావాలని వేసినది అలా ఉంటుంది, ప్రతి పండుకూ ఒక తీరు. మసి అయితే పండుకూ గోడకూ తేడా చూడకుండా అంతటా ఒకేలా పడుతుంది.

అక్కడ నిలబడి ఇంకోటి కూడా గమనించాను. ఆ తెర నీలంగా కనిపిస్తుంది కానీ అందులో నీలం రంగు ఉండక్కర్లేదు. పలుచటి తెల్లరంగు నల్లటి పూత మీద పడితే కంటికి నీలంగా తోస్తుంది. పొయ్యి పొగ ఆకాశం ఎదుట గోధుమగా, చీకటి గుమ్మం ఎదుట నీలంగా కనిపించడానికి కూడా కారణం ఇదే. మా బొమ్మ ద్రాక్షల్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కి కోబాల్ట్ దొరకలేదు. అప్పుడు దాన్ని "నీలం లేదు, కాబట్టి మసి కావచ్చు" అన్నట్టు నోట్ చేసుకున్నాను. ఆ నోట్ తప్పు.

అయినా 17వ శతాబ్దపు మాడ్రిడ్ ద్రాక్షలు 1908 నాటి అలికాంతె ద్రాక్షలకు సాక్ష్యం చెప్పవు. తిరుగు రైల్లో ఫైల్లోని ఫోటోలు తెరిచాను. ఏడు మిల్లీమీటర్ల పట్టీ, ఎడమ అంచు, ఫ్రేమ్ పెదవి కింద దాక్కున్న సగం పండు. పెద్దది చేసి చూస్తే దాని మీద బూడిద తెర ఉంది.

ఇది ఎందుకంత పెద్ద విషయమో చెప్పాలి. యూవీ లైటు కింద వార్నిష్ ఫ్రేమ్ దగ్గర ఆగిపోయిందని రాశాను కదా. బొమ్మను విప్పకుండా ఫ్రేమ్‌లో ఉండగానే బ్రష్‌తో వార్నిష్ పూశారన్నమాట. అంటే పెదవి కింద పట్టీకి వార్నిష్ తగల్లేదు. పొయ్యి మసీ అక్కడికి దాదాపు చేరదు. మరి అక్కడి బూడిద ఎక్కడినుంచి వస్తుంది, చిత్రకారుడి బ్రష్ నుంచి తప్ప?

దీనికి ఒక అభ్యంతరం ఉంది, మా వర్క్‌షాప్‌లోని సహచరి అదే లేవనెత్తింది. ఈ ఫ్రేమ్ మొదటినుంచీ ఉన్నదని ఏమిటి నమ్మకం? మొదటి ముప్ఫై ఏళ్లు ఫ్రేమ్ లేకుండా పొయ్యి మీద వేలాడి, తర్వాత ఇందులోకి వచ్చి ఉంటే అంచుల మీదా మసి ఉంటుంది. మంచి ప్రశ్న. జవాబు ఫైల్లోని ఇంకో ఫోటోలో దొరికింది. చెక్కచట్రం అంచుల్లో మేకు రంధ్రాలు ఎనిమిదే ఉన్నాయి, ఎనిమిదింటికీ ఫ్రేమ్ గాడిలో ఎదురు రంధ్రాలు సరిపోయాయి. మరో ఫ్రేమ్‌కు కొట్టిన గుర్తు ఒక్కటీ లేదు. ఈ బొమ్మకు పెళ్లి ఒక్కసారే జరిగింది. పారేయమన్న ఆ ఫ్రేమే ఇంతకాలం సాక్ష్యాన్ని కాపాడిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను.

అంచు పట్టీని గుడ్డిగా నమ్మకూడదు కూడా. అవిసెనూనె చీకట్లో పసుపెక్కుతుంది. వెలుతురు తగిలితే ఆ పసుపు కొంత విరుగుతుంది. అందుకే తెల్లగుడ్డ పెదవి కింద బయటికన్నా పచ్చగా ఉంది. తెలుపు ఎంత తెలుపో తెలుసుకోవడానికి అంచు పనికిరాదు. తెర ఉందా లేదా అన్న ప్రశ్నకు పనికొస్తుంది.

తేల్చుకోవడానికి రెండు నమూనాలు తీశాం. ఒకటి అంచు కింద సగం పండు నుంచి, ఒకటి బయట వెలుగులో ఉన్న పండు మీద అప్పటికే ఉన్న పగులు పక్కనుంచి. రెండూ అర మిల్లీమీటరు కన్నా చిన్నవి. రెజిన్‌లో దిమ్మ కట్టి, అరగదీసి, అడ్డుకోతను మైక్రోస్కోప్‌లో చూస్తాం. అడుగున తెల్లటి భూమిక పూత. చేర్యాల నకాషీలు బట్ట మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూసి ఆరాక బొమ్మ వేస్తారే, అలాంటిదే, ఇక్కడ సీసపు తెలుపుతో. దాని పైన ముదురు ఎరుపు, వంగపండు పొర. ఆపైన అతి పలుచటి బూడిద పొర, కొన్నిచోట్ల అయిదారు మైక్రాన్లే. అంచు నమూనా అక్కడితో అయిపోయింది. బయటి నమూనాలో మాత్రం బూడిద పొర పైన సన్నటి నల్లగింజల గీత, ఆ గీత పైన వార్నిష్.

వరస మొత్తం కథ చెప్పేసింది. చిత్రకారుడి తెర ముందు, దాని మీద పొయ్యి మసి, మసి తుడవకుండానే ఎవరో పూసిన వార్నిష్. నా దూది మీద వచ్చిన బూడిదలో రెండూ ఉన్నాయి. బూడిద పొర యూవీ కింద కొద్దిగా మెరిసింది కూడా. తెర పలుచగా, జారుగా రావడానికి చిత్రకారుడు నూనెలో చెట్టుబంక కలిపి ఉండాలి. వార్నిష్‌ను కరిగించేదే ఆ పొరనూ కరిగించింది అందుకే.

ఈ మధ్యలో యజమాని తన తల్లిని వర్క్‌షాప్‌కు తీసుకొచ్చాడు. తొంభైకి దగ్గర పడిన మనిషి, ద్రాక్షతోటల్లో పెరిగినావిడ. ఏం జరిగిందో దాచకుండా చెప్పాను, మూడో పండు చూపించాను. ఆమె కంటికి అది ఆనలేదేమో, బొమ్మను ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. "మా నాన్న గుత్తిని కాడ పట్టుకునే కోసేవాడు. పండు మీద చెయ్యి పడితే బూడిద పోతుంది, పోతే సంతలో రేటు పోతుంది," అంది. కొడుకు అప్పటిదాకా ద్రాక్షలు నిగనిగలాడాలని కోరుకుంటున్నాడు. ఆ మాట విన్నాక మళ్లీ అడగలేదు. నాకూ అప్పుడే అర్థమైంది, ఈ చిత్రకారుడు వేసింది ద్రాక్షను మాత్రమే కాదు, ఇంకా ఎవరూ ముట్టుకోని ద్రాక్షను. తెర తీసేస్తే పండ్లు మిగులుతాయి, ఆ సంగతి మిగలదు.

నిర్ణయం ఇలా తీసుకున్నాం. బొమ్మలో మిగతా చోట్ల వార్నిష్, దాని కింది మసి తీసేయాలి. ద్రాక్షల మీద వార్నిష్‌ను పలుచన చేసి ఆపాలి. తెరకు అంటుకున్న మసిని వదిలేయాలి. ముప్ఫై శాతం మిశ్రమం, పండుకో చిన్న పుల్ల, ఒక్క దొర్లింపు, వెంటనే పొడి దూది, మైక్రోస్కోప్ నుంచి కన్ను తీయకుండా. మొత్తం కేసుకు 74 గంటలు పడితే అందులో 19 ఈ గుత్తికే పోయాయి. ఫలితంగా ద్రాక్షలు 1908లో ఉన్నదానికన్నా ఒక పిసరు ముదురుగా, వెచ్చగా ఉన్నాయి. గుడ్డను పూర్తిగా తెల్లబరిస్తే ద్రాక్ష మురికిగా కనిపిస్తుంది కాబట్టి గుడ్డ మీద కూడా పలుచటి వార్నిష్ పొర ఉంచాం. ఇంకా తీయొచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. శుభ్రం చేయడానికి మెరుగైన జెల్ ఏదో రేపు రావచ్చు, అప్పుడు తీయొచ్చు. తీసేసినదాన్ని మాత్రం ఏ జెల్ తిరిగి తేలేదు.

కింది అంచు దగ్గర రాలిన ముక్కల గుంటలను సుద్ద, కుందేలుచర్మం జిగురు కలిపిన ముద్దతో నింపి, నీటిరంగులతో అడుగు రంగు వేసి, పైన రెజిన్‌లో కలిపిన రంగులతో సరిచేశాం. మూడో పండు మీది మచ్చను కూడా సరిచేశాం. ముందు పలుచటి కొత్త వార్నిష్, దాని పైన తెల్లరంగు చుక్కలు. ఇక్కడ వార్నిష్ ఎంపిక ముఖ్యం. వయసు మీదపడ్డాక కూడా ఇథనాల్ అక్కర్లేకుండా, ఒట్టి పెట్రోలియం ద్రావకంతోనే ఊడొచ్చే సింథటిక్ రెజిన్ వాడాం. రేపు ఇంకెవరో ఈ వార్నిష్ తీసేటప్పుడు వాళ్ల ద్రావకం ఆ బూడిద పొర జోలికి పోకూడదు కదా. రిపోర్టు మొదటి పేజీలోనే ఎర్ర అక్షరాలతో రాశాను: ద్రాక్షల మీద ఆల్కహాల్ వాడకండి.

ఫ్రేమ్ పని సంతోషంగా సాగింది. పుర్పురీనాను అసిటోన్ జెల్‌తో కొద్దికొద్దిగా తీస్తే కింద అసలు బంగారురేకు బయటపడింది. ఎత్తుగా ఉన్న ఆకుల అంచుల్లో రేకు అరిగి, దాని కింద పూసిన ఎర్రమట్టి తొంగిచూస్తోంది. నీటితో అతికించే పద్ధతి బంగారం అది, ఒక్క తడి గుడ్డ చాలు పాడవడానికి. పనిమనుషులు తడి గుడ్డతో తుడవడం వల్లే చాలా ఇళ్లలో ఇవి పోయాయి, ఆ తర్వాతే పైన పెయింట్లు పడ్డాయి. విచ్చుకున్న మూలలను జంతుజిగురుతో బిగించాం. రాలిన మూడు ఆకులకు ఉన్న ఆకుల నుంచే అచ్చు తీసి పోతపోశాం, వాటికి కొత్త బంగారం తళుకు రాకుండా రంగు తగ్గించాం.

తిరిగి బిగించేటప్పుడు మేకులు లేవు. గాడిలో నల్ల ఫెల్ట్ పట్టీ, చుట్టూ బెండు ముక్కలు, వెనక ఫ్రేమ్‌కు మాత్రమే స్క్రూలు పడే ఇత్తడి పట్టీలు. చీలికలు మళ్లీ జారకుండా నైలాన్ దారంతో చట్రానికి కట్టాం. వెనక పాలికార్బొనేట్ షీటు వేశాం. గాడి లోతు చాలక ఫ్రేమ్ వెనక సన్నటి చెక్కపట్టీ అదనంగా పెట్టాల్సి వచ్చింది, అది ముందునుంచి కనపడదు.

యజమాని కూతురు ఒక కోరిక కోరింది. ఆ సగం పండు ఇంత మేలు చేసింది కదా, బెండు ముక్కలు కొంచెం సర్ది దాన్ని బయటికి కనిపించేలా పెట్టొచ్చు కదా అని. ముచ్చటైన కోరికే, కానీ ఒప్పుకోలేదు. అదే ఏడు మిల్లీమీటర్లు మళ్లీ కప్పి ఉంచాం. వెలుతురు, వార్నిష్, చేతులు తగలని ఆ పట్టీ ఈ బొమ్మ వేసిన రోజులకు మిగిలిన ఒక్కగానొక్క ఆధారం. ఇంకో యాభై ఏళ్లకు ఎవరికైనా అనుమానం వస్తే వాళ్లూ అక్కడికే వెళ్లి చూసుకోవాలి.

బొమ్మ ఇప్పుడు అదే గదిలో, నిప్పుగూడుకు ఎదురుగోడ మీద ఉంది. తల్లి కుర్చీని ఆ వైపుకు తిప్పారట. ఆరు నెలలకు వెళ్లి చూశాను, ఉబ్బు తిరిగి రాలేదు, పెచ్చులు లేవలేదు. తుప్పుమేకులు ఎనిమిదింటినీ, జారిపడ్డ చీలికనూ కవర్లో పెట్టి వాళ్లకే ఇచ్చాను. బూడిద అంటిన ఆ దూదిపుల్ల మాత్రం నా దగ్గరే ఉంది. చిన్న గాజుగొట్టంలో వేసి మూతపెట్టి, తేదీ, మిశ్రమం శాతం, పండు నంబరు రాసి కేసు ఫైల్లో ఫోటోల పక్కన దాచాను.